జూదం బడి

ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడానికి ఏన్కూరు బడికి వెళ్ళిన రాందాసుకి ముందుగా కనిపించింది చెప్పుల కుప్ప. ఆ కుప్ప పక్కన రాయి మీద కాపలా మనిషి హోదాలో కూర్చున్నది అతని కూతురు కమ్లి.

శుక్రవారం చివరి గంట డ్రిల్లు. మైదానంలో పిల్లలు ఒట్టికాళ్ళతో వరసలు కట్టి, ఒక ఈలకు చేతులు పైకెత్తుతూ, ఇంకో ఈలకు దించుతూ ఉన్నారు. చెప్పులతో ఎగిరితే అవి ఊడి పక్కవాడి వీపున పడతాయని డ్రిల్లు సారు అందరి చేతా విప్పించేవాడు. విప్పినవాటిని చూసుకోవడానికి ఒకరు కావాలి గదా. ఐదో తరగతి మొత్తంలో ఆ ఒకరు ఎప్పుడూ కమ్లే.

తండ్రిని చూసి కమ్లి సంబరంగా లేచింది. లేవడం ఆ పిల్లకి కాస్త పెద్ద పని. కుడిచెయ్యి రాయికి ఆనించి, కుడికాలు తన్నిపెట్టి, ఎడమకాలి కోసం ఒక క్షణం ఆగాలి. ఆ ఎడమకాలూ ఎడమచెయ్యీ పుట్టినప్పటి నుంచీ చెప్పిన మాట ఆలస్యంగా వింటాయి. నడుస్తుంటే ఒక్కోసారి అసలు వినవు. అప్పుడు పడుతుంది. రోజుకి నాలుగుసార్లు, బడికి తొందరైతే ఆరుసార్లు. వయసు పదేళ్ళు. కాలు ఆలస్యమే గానీ నోరు మాత్రం ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు.

ముప్పై ఎనిమిది జతలున్నాయని తండ్రికి చూపించింది. ఉంగటం తెగితే పిన్నీసు గుచ్చుకున్న జత ఎవరిదో, అన్న చెప్పులు దొంగతనంగా వేసుకొచ్చిందెవరో పేరుపేరునా చెప్పింది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ. బడి గేటు దాటితే మాత్రం కమ్లి నోట తెలుగే, అదీ వాన కురిసినట్టు.

డ్రిల్లు సారు చెడ్డవాడేమీ కాదు. దగ్గరకొచ్చి నవ్వుతూ పలకరించాడు. పిల్ల బంగారమన్నాడు, మూడేళ్ళలో ఒక్క చెప్పు కూడా పోలేదన్నాడు. వరసలో నిలబెడితే పడుతుందని, పడితే మాట తనకే వస్తుందని కూడా చెప్పాడు.

“మీకు గూడ నిమ్మళమే గద,” అన్నాడు చివరికి.

నిండు బస్సులో అరవై మందిని ఒక్క కేకతో వెనక్కి జరిపే రాందాసు ఆ మాటకి కార్డు ఎక్కడుందని మాత్రం అడిగాడు. సంతకం పెట్టి వచ్చేశాడు. కోపం సారు మీద అయితే ఎంత బాగుండేది! తనకూ ఇన్నాళ్ళూ నిమ్మళంగానే ఉంది, అదీ అతని కోపం.

బడి వదిలాక ఎప్పటిలాగే కూతురి ఎడమ పక్కకి చేరి, మోచేతి కింద జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి నడిచాడు. పట్టుకోడు. పట్టుకుంటే పిల్ల విదిలించేస్తుంది. ఊరికే అలా పెట్టి ఉంచుతాడు. తూలితే టక్కున అందుకుంటాడు. రాందాసు బస్సు కండక్టరు. కుదుపులో కడ్డీ పట్టుకోకుండా, సీటు అంచుకి తుంటి ఆనించి, రెండు చేతులతో టికెట్లు పంచు చేసే మనిషి. పన్నెండేళ్ళ సర్వీసులో తను ఒక్కసారీ పడలేదు సరిగదా, బ్రేకు పడ్డప్పుడల్లా పక్కనున్న ముసలివాళ్ళని రెక్క పట్టి ఆపినవాడు. పడబోయే మనిషి కంటబడితే అతని చెయ్యి అతన్ని అడగకుండానే లేస్తుంది.

ఆ సాయంత్రం తండాలో, పొయ్యి ముందు కూర్చుని, కమ్లిని కరాటేలో చేరుస్తున్నానని ప్రకటించాడు.

సోమ్లి చేతిలో జొన్నరొట్టె ఆగిపోయింది. నడవడానికే పిల్ల నానాపాట్లు పడుతుంటే తన్నులాటలకి పంపుతావా అని మొగుణ్ణి అడిగింది. అది ఎనభై తొమ్మిదో ఏడు. ఖమ్మం నుంచి కొత్తగూడెం దాకా ఏ గోడ చూసినా గాలిలో కాలు చాపి ఎగురుతున్న కరాటే మనిషి బొమ్మే. రోజూ ఆ గోడల పక్కనుంచి పోయే రాందాసుకి, ఆ మనిషి స్థానంలో ఇవాళ మధ్యాహ్నం నుంచి కమ్లి కనిపిస్తోంది. ఈ సంగతి భార్యకి చెప్పే ధైర్యం లేక, డాక్టరు వ్యాయామం మంచిదన్నాడని అబద్ధమాడాడు. ఏ డాక్టరని సోమ్లి అడగలేదు, కానీ నమ్మనూ లేదు. అతని తల్లి మంగ్లి మాత్రం, మనవరాలిని ఎక్కడ కొడతారో తను కళ్ళారా చూడాలని, తనూ వస్తానని పట్టుబట్టింది.

*

శనివారం డ్యూటీ దిగి, మధ్యాహ్నం బస్సుకి తల్లినీ కూతురినీ కొత్తగూడెం తీసుకెళ్ళాడు. కరాటే బడి ఒక కల్యాణ మండపం డాబా మీద. మాస్టారి పేరు వెంకటరామారావు. సత్తుపల్లి వైపు రైతుల కుటుంబం. ఆయనకి పగలు ఎరువుల కొట్టు, సాయంత్రం నల్లబెల్టు.

మర్యాద తెలిసిన మనిషి. ముసలమ్మకి కుర్చీ వేయించాడు. మంగ్లి కుర్చీ పక్కకి నెట్టి, అద్దాల లంగా సర్దుకుని గచ్చు మీదే కూర్చుంది. నలభై మంది పిల్లలు తెల్లబట్టల్లో నిలబడి, మాస్టారు ఏమి చెప్పినా పిడికిళ్ళు బిగించి “ఓస్” అని అరుస్తున్నారు. నిటారుగా నిలబడమన్నాడు. ఓస్. వంగమన్నాడు. ఓస్. మంగ్లి రెండుసార్లు ఓర్చుకుంది. మూడోసారి చేతికర్ర తీసుకుని లేచింది. అంత పెద్దమనిషి చెమటలు కక్కుతూ నేర్పుతుంటే, ఓస్ ఇంతేనా అని మొహం మీదే తీసిపారేస్తారా, మీ ఇళ్ళల్లో పెద్దలు లేరా అని పిల్లల్ని వరసపెట్టి దులిపింది.

మాస్టారు నవ్వాపుకుంటూ, అది జపాను వాళ్ళ మర్యాద మాటనీ, మన ‘చిత్తం’ లాంటిదనీ సర్దిచెప్పాడు. మంగ్లికి అది సాకు అనిపించింది. ఆ దేశంలో మర్యాద అట్లా ఉంటే ఆ దేశం ఎట్లా నడుస్తోందో అని గొణుక్కుంటూ కూర్చుంది. తర్వాత ఆయన కొత్తవాళ్ళ కోసం కాలు చెవి దాకా లేపి గాలిని ఒక్క తన్ను తన్నాడు. కమ్లి కళ్ళింత చేసుకుని చూసి, “ఓస్” అంది. అది జపాను ఓసో ఏన్కూరు ఓసో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆయన కమ్లిని పిలిచి ఒంటికాలి మీద నిలబడమన్నాడు. కుడికాలి మీద నిలబడింది. బాగుందన్నాడు. ఎడమకాలి మీద నిలబడమన్నాడు. కమ్లి కుడికాలు ఇంకా పూర్తిగా లేపనే లేదు, గోడ పక్కన ఉండవలసిన రాందాసు పిల్ల చంక కింద చెయ్యి వేసి ఉన్నాడు. ఆ మధ్యలో ఉన్న పది గజాలు ఎప్పుడు దాటాడో అతనికే తెలియదు.

వెంకటరామారావు మనసు నొచ్చుకున్నట్టే ఉంది.

“నేను కాదనను రాందాసు గారూ. పిల్లని పంపండి. రోజూ వచ్చి చూస్తూ ఉంటే కొంత దానంతట అదే వస్తుంది. మెట్ల దగ్గర కుర్చీ వేయిస్తాను. కింద చెప్పులు కుక్కలు లాక్కుపోతున్నాయి, అవి కూడా కాస్త కనిపెట్టుకుని ఉంటుంది.”

ఆయన మంచికే అన్నాడు. అందుకే రాందాసు చేతులు జోడించి, ఆలోచించుకుని చెబుతానన్నాడు. మెట్లు దిగుతుంటే అతనికి నవ్వొచ్చింది. లోకంలో ఇన్ని విద్యలుంటే, ఒట్టికాళ్ళతో చేసే ప్రతి విద్యకీ బయట ఒక చెప్పుల కుప్ప ఉంటుందన్నమాట.

“కరాటేల గూడ చెప్పులేనా నాయినా?” అని కమ్లి అడిగింది. అలిగి అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. అది అతనికి మరీ కష్టంగా అనిపించింది.

ఆదివారం డ్యూటీలో ఖమ్మంలో బస్సు ఆగిన గంటలో, టిఫిను మానేసి, కుస్తీలు నేర్పే తాలింఖానాకి పోయాడు. అక్కడి ఉస్తాదు ముత్యాలు పెద్దవయసు మనిషి. చాయ్ తాగించాడు. రాందాసు పిక్కలు నొక్కి చూసి, నిలబడి చేసే నౌకరీ ఉన్నట్టుందే, నువ్వు రారాదూ అని ముచ్చటపడ్డాడు. పిల్ల కోసమని తెలిశాక తల అడ్డంగా తిప్పాడు. ఎర్రమట్టి గోదాలో ఆడపిల్ల అడుగుపెట్టడం వాళ్ళ తాతల నాటి నుంచీ లేదట. పిల్ల కాలి సంగతి చెప్పే దాకా మాట సాగనే లేదు.

*

భద్రాచలం సంగతి సోమవారం బస్సులో డ్రైవరు వెంకటప్పయ్య నోటి నుంచి బయటపడింది. ఎర్రుపాలెం మనిషి. స్టీరింగు పట్టుకుంటే గానీ మాట ఊరదు, ఊరిందా గమ్యం చేరేదాకా ఆగదు. జూలూరుపాడు దాటాక, వెనక సీట్లన్నీ టికెట్లు కొట్టేసి రాందాసు ఇంజను పక్కకొచ్చి నిలబడితే, మూడు రోజులుగా మొహం అట్లా పెట్టుకున్నావేమని అడిగాడు. రాందాసు చెప్పాడు.

“భద్రాచలంలో జూడో అని నేర్పుతున్నాడంట, సీతయ్యని, మిలిట్రీలో చేసొచ్చాడు. మా బావమరిది కొడుకు నెల్రోజులు పోయి మానేశాడు. ఆ నెలంతా పడటమే నేర్పించాడంట. పడటానికి బడెందుకయ్యా రాందాసూ, ముంత కల్లు చాలదా?”

బస్సంతా నవ్వింది. రాందాసు నవ్వలేదు. కిన్నెరసాని వంతెన వచ్చేలోగా ఆ సీతయ్య బడి ఏ సందులో ఉందో అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

ఇంటికొచ్చి, బుధవారం సెలవు పెట్టి పిల్లని భద్రాచలం జూడో బడికి తీసుకుపోతున్నాననీ, అక్కడ ముందు నెలంతా పడటమే నేర్పుతారనీ చెప్పాడు. సోమ్లి విన్నది. మంగ్లికి మాత్రం విన్నదాంట్లో సగమే చెవికెక్కింది, మిగతా సగం ఆమె కల్పించుకుంది.

“జూదం బడా?” అంది. “ఆడపిల్లకు జూదం నేర్పిస్తవా కొడకా?”

జూదం కాదు యాడీ, జూడో అని కొడుకు తల్లికి పదిసార్లు చెప్పాడు. మొన్నటి ఓస్ జపాను మర్యాదైతే నేటి జూదం ఏ దేశపు మర్యాదో తనకి తెలుసనీ, తనని మాయచెయ్యలేరనీ మంగ్లి తేల్చేసింది. నీళ్ళకి పోయి, వచ్చేలోగా తండా అంతటికీ టముకు వేసింది. రాందాసు బిడ్డని భద్రాచలంలో జూదం బడిలో వేస్తున్నాడు, అందులో ముందు నెలంతా ఓడిపోవడమే నేర్పుతారట. పడటం అన్న మాట ఓడిపోవడంగా ఎప్పుడు మారిందో ఆమెకే తెలియాలి.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే బిచ్యా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పేకాటలో తండాకంతటికీ పెద్ద చెయ్యి, కాకపోతే ఆ చెయ్యి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. తల గోక్కున్నాడు, దగ్గాడు, రాందాసు భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకుపోయాడు.

“అన్నా, పెద్దోళ్ళను గూడ చేర్చుకుంటరా?”

ఇంట్లోనుంచి సోమ్లి పకపకా నవ్వింది. నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వి, ఇక కాదనలేక, బుధవారానికి కమ్లి గౌను తనే ఉతికి ఆరేసింది.

*

సీతయ్య బడి గోదావరి ఒడ్డుకి పోయే సందులో, పాత మిరపకాయల గోదాములో ఉంది. బయట రేకు మీద ఎర్రరంగుతో ‘జూడో’ అనీ, దాని కింద ‘పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదు’ అనీ రాసి ఉంది. కాయల వ్యాపారం పోయి మూడేళ్ళయినా ఘాటు పోలేదు. గుమ్మంలో అడుగుపెట్టగానే తండ్రీకూతుళ్ళిద్దరూ రెండేసిసార్లు తుమ్మారు. లోపల మోకాలి లోతున వరిగడ్డి పరిచి, పైన లారీల మీద కప్పే పట్టా బిగించి కట్టారు. దాని మీద ఏడుగురు పిల్లలు. ఇద్దరు చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చేవాళ్ళు, మిగతావాళ్ళు ఊళ్ళో పిల్లలు. అందరిలోకీ పెద్దది పదిహేనేళ్ళ అమ్మాయి.

సీతయ్య పొట్టి మనిషి. మెడ లేదు, చెవులు రెండూ నలిగిన అప్పడాల్లా ఉన్నాయి. రాందాసు తెచ్చుకున్న మాటలన్నీ, పిల్ల కాలి సంగతీ, చెయ్యి సంగతీ, చదువులో చురుకన్న సంగతీ ఆయన విననే లేదు. కమ్లి గుమ్మం నుంచి తన దాకా నడిచి రావడం చూస్తూ ఉండిపోయాడు.

“నీకేమొస్తది బిడ్డా?” అని అడిగాడు.

ఇంతవరకూ ఎవరూ కమ్లిని ఆ ప్రశ్న అడగలేదు. ఏమి రాదో అడిగారు. పిల్ల కాస్త ఆలోచించుకుంది.

“పడుడొస్తది.”

పిల్లలు కిసుక్కుమన్నారు. సీతయ్య నవ్వలేదు. అయితే పడి చూపించమన్నాడు.

“ఊకె పడమంటె ఎట్ల పడత సారూ? నడిస్తెనే పడత.”

న్యాయమేనని సీతయ్య ఒప్పుకున్నాడు. పట్టా మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడవమన్నాడు. మెత్తటి గడ్డి మీద మామూలు కాళ్ళే నిలవవు. నాలుగడుగులు వేసేసరికి కమ్లి ఎడమకాలు తట్టుకుంది, ఒళ్ళు ఒరిగింది. రాందాసు చెప్పులతోనే పట్టా మీదకి ఉరికి పిల్లని అందుకున్నాడు.

సీతయ్య అతని చెప్పులు విప్పించాడు, వెనక్కి వెళ్ళి నిలబడమన్నాడు. రెండోసారీ అంతే. ఈసారి రాందాసు తనని తానే తిట్టుకున్నాడు. ఉరకకూడదనే అనుకున్నాడు, చెయ్యి లేచింది, చెయ్యి వెనకే మనిషీ లేచాడు. మూడోసారి సీతయ్య అతన్ని గోదాము తలుపు దాకా తీసుకుపోయి, రెండు చేతులూ వెనక్కి పెట్టించి, తలుపు గడియ పట్టుకోమన్నాడు. గడియ వదిలితే పిల్లని తీసుకుని ఇంటికి పొమ్మన్నాడు.

కమ్లి నడిచింది. ఆరో అడుగులో కాలు మాట వినలేదు. రాందాసు గడియ ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే తుప్పు అరచేతిలోకి దిగింది. పిల్ల ఒరుగుతూనే ఒళ్ళంతా వదులు చేసేసింది, గడ్డం రొమ్ముకి ఆనించుకుంది, చేతులు లోపలికి ముడుచుకుంది. కుడిభుజం ముందు తాకింది, వీపు గుండ్రంగా దొర్లింది, అంతే. ఎర్రటి దుమ్ము కాస్త లేచింది. కమ్లి వెల్లకిలా పడి పైకప్పు వంక చూస్తూ తుమ్మింది.

ఏడుగురు పిల్లలూ మెడలు చాచి చూశారు. నెల రోజులుగా వాళ్ళు నేర్చుకుంటున్నదీ, ఇంకా రానిదీ అదే.

సీతయ్య ఆ పిల్ల పక్కన గొంతుక్కూచున్నాడు. “గిట్ల పడుడు నీకెవలు నేర్పిన్రు?”

“ఎవలు నేర్పలె. చెయ్యి ముందట పెడితె మణికట్టు నొస్తది, తల ఎనకకిడిస్తె నెత్తి పగుల్తది. గవి రెండు పోంగ మిగిలింది గిట్ల.” కమ్లి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. “నాయిన బస్సు మీద పోయినప్పుడు నేర్చుకున్న. నాయిన ఇంటికాడ ఉంటె పడనియ్యడు.”

గోదాము చిన్నది, గోడలు రేకులవి. గొంతు తగ్గించిన మాట కూడా తలుపు దాకా వచ్చింది. రాందాసు గడియ వదిలేశాడు. అతను ఇన్నాళ్ళూ తను లేనప్పుడు పిల్లకి ఏమవుతుందో అని భయపడుతూ టికెట్లు కొట్టాడు. తను లేనప్పుడే పిల్ల ఇంత విద్య నేర్చుకుందని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. సిగ్గు వెనకే, ఆపుకోలేనంత గర్వం వచ్చింది. రెండూ కలిసి కళ్ళల్లోకి వస్తే, మిరప దుమ్మని తుడుచుకున్నాడు.

సీతయ్య పెద్దమ్మాయిని పిలిచి, కమ్లి పడ్డట్టు పడమన్నాడు. ఆ అమ్మాయి బిగుసుకుపోయి, అరచేతులు ముందుకి చాపి కూలింది. కమ్లి కూర్చున్న చోటు నుంచే, చేతులు లోపటికి తీస్కోవాలక్కా, పడేటప్పుడు ఊపిరి ఇడవాలె అని చెప్పింది. మళ్ళీ చెయ్యమంది. నాలుగోసారికి ఆ అమ్మాయి వీపు దొర్లింది. సంతోషం పట్టలేక ఇంకో రెండుసార్లు ఊరికే పడింది.

పడేటప్పుడు అరచేత్తో నేలని కొట్టడం ఒక్కటే ఈ పిల్లకి తెలియదనీ, అది తను నేర్పుతాననీ సీతయ్య రాందాసుతో చెప్పాడు. లేవడం మాత్రం ఈమెకి కష్టమేననీ, ఎన్నాళ్ళు పడుతుందో తను మాట ఇవ్వలేననీ, ఎదుటివాణ్ణి ఎత్తి వెయ్యడం వస్తుందో రాదో కూడా తెలియదనీ దాచకుండా చెప్పాడు. వారానికి ఒకరోజు, ఆదివారం, భద్రాచలం వచ్చే తండ్రి బస్సులోనే వస్తే చాలన్నాడు. బస్సు తిరుగు ప్రయాణం కట్టేలోగా రెండు గంటలు దొరుకుతాయి. రాందాసు అన్నిటికీ తల ఊపాడు. అంతలో సీతయ్య వేలెత్తాడు.

“పిల్లను చేర్చుకున్న. ఇగ నీ సంగతి చెప్పు.”

తన సంగతేమిటో రాందాసుకి అర్థం కాలేదు.

“ఆదివారం ఈమె లోపట పడుతుంటె నువ్వు బయట నిలబడి సస్తవు. ఒగనాడు ఉరికొచ్చి పట్టుకుంటవు. పట్టుకునేటోనికి పడుడంటె భయం తమ్మీ. నువ్వు పడుడు నేర్చుకో, గప్పుడు ఇడుస్తవు.”

పన్నెండేళ్ళ నుంచి బస్సులో నిలబడుతున్నాననీ, ఒక్కనాడూ పడలేదనీ రాందాసు కాస్త గట్టిగానే చెప్పాడు. అది అతనికి మెడల్ లాంటి సంగతి. అందుకే భయమన్నాడు సీతయ్య.

గడియారం విప్పి కిటికీలో పెట్టి, రాందాసు పట్టా మీద నిలబడ్డాడు. పడటమంటే ఎంతసేపు, ఊరికే కాళ్ళు వదిలేస్తే సరి అనుకున్నాడు. కాళ్ళు వదల్లేదు. మోకాళ్ళు బిగిశాయి, కాలివేళ్ళు పట్టాని పట్టుకున్నాయి. ఎన్ని ఘాట్ రోడ్ల మలుపుల్లో నిలబెట్టిన కాళ్ళో అవి, ఇప్పుడు వాటి యజమాని మాట వినడం మానేశాయి. చెప్పిన మాట వినని కాళ్ళతో నిలబడటం ఎట్లా ఉంటుందో రాందాసుకి మొదటిసారి తెలిసింది. పిల్లల ముందు నుదుట చెమట పట్టింది. బలవంతంగా ఒక పక్కకి ఒరిగాడు, రెండు చేతులూ ముందుకి చాపి, పిరుదుల మీద ధబ్బుమని కూలాడు. ఏడుగురూ నవ్వారు. లేచిన దుమ్ముకి ఏడుగురూ తుమ్మారు.

కమ్లి నవ్వలేదు. కుడిచెయ్యి నేలకి ఆనించి, కుడికాలు తన్నిపెట్టి, ఎడమకాలి కోసం ఆగి, తన తీరున తను లేచింది. సాయం చెయ్యబోయిన పెద్దమ్మాయిని సీతయ్య కళ్ళతోనే ఆపాడు. పిల్ల నడిచి వచ్చి తండ్రి ముందు నిలబడింది. లేవమంది. మోకాళ్ళు కొద్దిగా వంచమంది. గడ్డం పట్టుకుని కిందికి వంచి, రొమ్ముకి ఆనేదాకా నొక్కింది. చాపిన అతని చేతులు రెండూ తీసి అతని పొట్ట మీదే పెట్టింది. బడిలో పలక పట్టడం రాని పిల్లకి అక్షరాలు దిద్దించే పంతులమ్మకి కూడా అంత ఓపిక ఉండదు.

“నేల దిక్కు చూడకు నాయినా. చూస్తె అది ఇంక దూరం అనిపిస్తది.”

రాందాసు పైకప్పు వంక చూశాడు. రేకుల సందులోంచి ఎండ దారాలుగా పడుతోంది. తనకి తెలియకుండానే ఎడమచెయ్యి పొట్ట మీంచి జారి, కూతురి మోచేతి కోసం గాలిలో వెతికింది. ఆసరా ఇవ్వడానికి కాదు. ఈసారి ఆసరా కోసమే.

కమ్లి మోచెయ్యి వెనక్కి తీసుకుని, ఒక్కడుగు పక్కకి జరిగింది.

“నేను పట్టుకోను. ఏంగాదు, పడు.”

రాందాసు ఊపిరి వదిలాడు. మోకాళ్ళు వదిలాడు. పడ్డాడు.